ఉభయకుశలోపరి తర్వాత

అమెరికా దక్షిణాది సాహిత్యం అనగానే మనలో చాలామందికి ఫాక్నర్ గుర్తొస్తాడు. ఆ సాహిత్యాన్ని విశ్వవిద్యాలయాల్లో చదవదగ్గ విషయంగా నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడైన లూయీ రూబిన్ (1923–2013) పేరు మనవాళ్ళు అంతగా విని ఉండరు. హాలిన్స్‌లోనూ, తర్వాత చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పాడు. ఆల్గాంక్విన్ బుక్స్ అనే ప్రచురణ సంస్థను నెలకొల్పి ఎందరో కొత్త రచయితల్ని అచ్చువేశాడు. ఆయన కాగితాలు ఇప్పుడు అదే విశ్వవిద్యాలయపు విల్సన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

జీవితమంతా ఇతరుల రాతలు చదివిన ఈ మనిషి, ఎనభైకి దగ్గరపడ్డాక సొంత ఇంటివైపు తిరిగాడు. 2002లో వచ్చిన 'మై ఫాదర్స్ పీపుల్' ఆ పుస్తకం. రష్యా నుంచి చార్లెస్టన్‌కి వలసవచ్చిన యూదు దంపతుల పిల్లల కథ అది. పేదరికం వల్ల కొడుకుల్లో కొందరిని అట్లాంటాలోని యూదు అనాథాశ్రమంలో ఉంచాల్సి వచ్చింది, తల్లిదండ్రులు బతికి ఉండగానే! పెద్దయ్యాక ఒకాయన పత్రికల్లోకి వెళ్ళాడు, ఒకాయన బ్రాడ్వే నాటకాలు రాశాడు. రూబిన్ తండ్రి కరెంటు సామాను కొట్టు నడిపి, జబ్బుచేసి, చివరికి రిచ్మండ్‌లో మబ్బుల్ని చూసి వాతావరణం చెప్పే మనిషిగా పేరు తెచ్చుకున్నాడు.

నాకు నచ్చింది రూబిన్ నిగ్రహం. అనాథాశ్రమం సంగతిని కప్పిపుచ్చడు, దాన్ని పట్టుకుని ఏడవడు. ఆ అనుభవం ఎలాంటి మనుషుల్ని తయారుచేసిందో ఓపిగ్గా పరిశీలిస్తాడు. నాకు వెలితిగా తోచింది కూడా చెప్పాలి. తండ్రీ, ఆయన తోబుట్టువులూ కళ్ళకు కట్టారు గాని, సముద్రం దాటివచ్చిన ఆ తాతా నాయనమ్మా నీడల్లానే మిగిలిపోయారు. తప్పు రచయితది కాదేమో. మొదటి తరంవాళ్ళు తమ గురించి చెప్పకుండా వెళ్ళిపోతే మనవడు ఎంత పండితుడైనా ఏం చెయ్యగలడు?

పుస్తకం మూసాక నాకు తట్టిన మాట ఇదే. ఆ కథలో మనం మనవడి స్థానంలో లేం. తాత స్థానంలో ఉన్నాం.

మా ఇంట్లో ఒక బూట్ల పెట్టె నిండా నాన్న రాసిన నీలం ఎయిర్‌మెయిల్ ఉత్తరాలున్నాయి. చాలా ఏళ్ళ కిందట మా అమ్మాయి ఒకటి తీసి, "తాతయ్య ఏం రాశారు నాన్నా?" అని అడిగింది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఉభయకుశలోపరి నుంచి మొదలుపెట్టి వానలు, పెళ్ళిళ్ళు అన్నీ చదివాను. ఒక్క వాక్యం మాత్రం దాటేశాను. నా విమానం టిక్కెట్టు కోసం తాకట్టు పెట్టిన ఎకరం ఇక విడిపించలేమని నాన్న రాసిన వాక్యం అది. ఎందుకు దాటేశానో అప్పుడు అడిగితే, పిల్లకి ఎందుకులే అనేవాణ్ణి. నిజానికి సిగ్గు.

పోయిన నెల అమ్మాయి వచ్చినప్పుడు ఆ ఉత్తరం మళ్ళీ తీసి పూర్తిగా చదివాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్సిలు తెచ్చుకుని, "తారీకు చెప్పు, ఆ పొలం ఎక్కడుందో చెప్పు" అంది. పెట్టెలో ఇంకా అరవై ఉత్తరాల దాకా ఉన్నాయి.