సప్లిమెంటరీ వేళ

సభలో మంత్రి చదివే జవాబు మంత్రి రాసింది కాదు. ప్రెస్ గ్యాలరీలో కొన్నాళ్లు కూర్చున్న వాళ్లెవరికైనా తెలిసిన సంగతే ఇది. ప్రశ్న రోజుల ముందే శాఖకు చేరుతుంది. సెక్షన్‌లో ముసాయిదా తయారవుతుంది. పై అధికారి ఒక మాట కొట్టేస్తాడు, ఆ పైవాడు ఇంకో మాట మెత్తబరుస్తాడు. మంత్రి చేతికొచ్చేసరికి అందులో గుచ్చుకునేదేమీ మిగలదు. ‘(ఎ) అవునండి. (బి) లేదండి. (సి) ప్రశ్న ఉత్పన్నం కాదు.’ డెస్కులో ఉన్న రోజుల్లో ఇలాంటి కాగితాలు కట్టలుగా వచ్చేవి. ఆ కట్టలోంచి వార్త తీయాలంటే జవాబు కన్నా ప్రశ్నను జాగ్రత్తగా చదవాలని అక్కడే నేర్చుకున్నాను.

అసలు పరీక్ష అనుబంధ ప్రశ్నతో మొదలవుతుంది. రాసిచ్చిన జవాబు అయిపోయాక సభ్యుడు లేచి ‘సప్లిమెంటరీ’ అడుగుతాడు. దానికి జవాబు అప్పటికప్పుడు చెప్పాలి. అధికారులు దీనికీ సిద్ధపడే వస్తారు. ఏ ప్రశ్న ఏ వైపు నుంచి రావచ్చో ఊహించి, అసలు జవాబుకు పదింతలు మందమున్న నోట్ తయారుచేస్తారు. అయినా చాలని రోజున అధికారుల గ్యాలరీ నుంచి మంత్రికి చీటీలు నడుస్తాయి. ఆ చీటీల రాకపోకలు చూస్తే చాలు, ప్రశ్న తగలాల్సిన చోట తగిలిందో లేదో పైనుంచే చెప్పవచ్చు. మంచి సప్లిమెంటరీ పాతాళగరిగె లాంటిది. ఆవేశంగా విసిరితే నీళ్లు కలకబారతాయి తప్ప చేద దొరకదు. ఎక్కడ మునిగిందో తెలిసినవాడు నెమ్మదిగా దింపి, కొక్కేనికి తగిలించి లాగుతాడు.

మన పార్లమెంటులో ఈ విద్యకు పెద్ద పాఠం ముంద్రా వ్యవహారం. ఎల్ఐసీ 1956 సెప్టెంబరు 1న పుట్టింది. 245 బీమా సంస్థలనూ ప్రావిడెంట్ సొసైటీలనూ ఒక్క గొడుగు కిందకు తెచ్చారు. పాలసీదారుల సొమ్ముతో ప్రైవేటు యజమానులు సొంత వ్యాపారాలు చేసుకుంటున్నారన్నది అప్పట్లో జాతీయకరణకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఏడాది తిరక్కుండానే, 1957 జూన్‌లో, ఆ సంస్థే కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల షేర్లు కొన్నది. జెస్సప్, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్, బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్ వాటిలో ఉన్నాయి. పెట్టింది సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు. పెట్టుబడులపై సలహా ఇవ్వాల్సిన కమిటీని ముందుగా అడగనే లేదు.

సెప్టెంబరులో రాం సుభగ్ సింగ్ దీని మీద లోక్‌సభలో ప్రశ్న వేశారు. వచ్చిన జవాబుతో విషయం తేలలేదు. నవంబరులో మళ్లీ ప్రశ్న పడింది. ఈసారి ఫిరోజ్ గాంధీ కూడా పట్టుకున్నారు. డిసెంబరు 16న చర్చకు వచ్చేసరికి ఆయన చేతిలో షేర్ల ధరలున్నాయి, తేదీలున్నాయి, ఆర్థిక మంత్రికీ ఆయన ముఖ్య కార్యదర్శికీ మధ్య నడిచిన ఉత్తరాల సమాచారం ఉంది. మార్కెట్లో ఎంత పలుకుతున్న షేరును ఎంతకు కొన్నారు? ఎవరు కొనమన్నారు? సర్కారును సూటిగా అడిగింది ఈ లెక్కే. ఆ ప్రసంగం చదివినప్పుడల్లా నాకు కనిపించేది ఆవేశం కన్నా అమరిక. ఒక్కో అంకె మంత్రి తప్పుకునే దారిని ఒక్కొక్కటిగా మూసేస్తూ వస్తుంది. అప్పుడు సభాపతి మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి. అడిగిన ఫిరోజ్ గాంధీ కూర్చున్నదీ కాంగ్రెస్ బెంచీలోనే. పైగా ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు.

ఆ మర్నాడు పత్రికలు ఆ మాటలను భయం లేకుండా అచ్చువేయగలిగాయంటే అదీ ఫిరోజ్ గాంధీ చలవే. సభలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు ప్రచురిస్తే పత్రికల మీద కేసులు పడకుండా 1956లో చట్టం తెచ్చింది ఆయన ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లే. ఎమర్జెన్సీలో ఆయన భార్య ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. 1977లో జనతా ప్రభుత్వం తిరిగి తెచ్చింది.

తరవాతి కథ వేగంగా నడిచింది. 1958 జనవరిలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేశారు. ఆయన విచారణ బహిరంగంగా జరిపారు. జనం పట్టకపోతే బయట లౌడ్‌స్పీకర్లు పెట్టించారు. ఫిబ్రవరి 10న నివేదిక ఇచ్చేశారు. విచారణ కమిషన్ల గడువులు పదేపదే పెంచడం చూస్తూ పెరిగిన మా తరానికి ఈ తేదీలు నమ్మశక్యంగా ఉండవు. ఆ కొనుగోలుకు తాను అనుమతి ఇవ్వలేదని మంత్రి వాదన. మంత్రికి చెప్పే చేశానని ముఖ్య కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ వాదన. ఎవరు నిజం చెబుతున్నారన్న దగ్గరే చాగ్లా ఆగిపోలేదు. కార్యదర్శి చేసిన పనికి సభలో జవాబుదారీ మంత్రే, అధికారి చాటుకు వెళ్లడానికి వీల్లేదని తేల్చారు. ఆ నెలలోనే కృష్ణమాచారి పదవి వదిలేశారు. ఫిబ్రవరి 28న బడ్జెట్‌ను ప్రధాని నెహ్రూయే ప్రవేశపెట్టాల్సి వచ్చింది.

అంతకు రెండేళ్ల ముందు మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానన్నారు. నెహ్రూ ఒప్పుకోలేదు. కొద్ది నెలలకే అరియలూరు ప్రమాదం జరిగాక ఆ రాజీనామా ఆమోదం పొందింది. శాస్త్రిగారిని తలుచుకోవడం మనకు సుఖంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అడగాల్సిందేమీ లేదు. ముంద్రా వ్యవహారంలో అడగాల్సి వచ్చింది, రాబట్టాల్సి వచ్చింది. అందుకే నా దృష్టిలో సభకు పనికొచ్చే పాఠం అదే. మంచి మంత్రి దొరకడం అదృష్టం. మంచి ప్రశ్న మాత్రం కష్టపడితే ఎవరైనా తయారుచేసుకోగలిగేది.

దీన్ని స్వర్ణయుగం కథగా చెప్పుకోనక్కర్లేదు. కృష్ణమాచారి 1962లో మళ్లీ మంత్రి అయ్యారు, ఆ మరుసటి ఏడాది మళ్లీ ఆర్థిక శాఖకే వచ్చారు. హెచ్.ఎం. పటేల్ 1977లో తానే ఆర్థిక మంత్రి అయ్యారు. నివేదికలు మనుషుల్ని శాశ్వతంగా పక్కన పెట్టలేవు. అవి చేయగలిగింది ఒకటే, అధికారి చేశాడు నాకు తెలియదు అన్న మాట సభలో చెల్లదని రికార్డుకెక్కించడం. ఆ మాట ఈనాటికీ వినబడుతూనే ఉంది. కాకపోతే వినబడినప్పుడల్లా చూపించడానికి ఒక కాగితం ఉంది.

ఇప్పుడు జవాబులన్నీ ఇంట్లోనే తెరిచి చదువుకోవచ్చు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు నోటితో జవాబు చెప్పడానికి, 230 రాతపూర్వక జవాబుకు జాబితాకెక్కుతాయి. నోటితో చెప్పే వంతు వాటిలో కొన్నింటికే వస్తుంది. అవినీతి ఆరోపణ మీద జవాబు కనిపిస్తే నేను వెతికేవి మూడే: ఎంత, ఎప్పుడు, ఎవరి సంతకంతో. మూడింటికీ బదులు ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అని ఉంటే దాన్నీ వదలను. ఆ వాక్యాన్ని సభ ఉత్త మాటగా కాక హామీగా లెక్కవేస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరిందో లేదో చూడడానికి 1953 నుంచీ హామీల కమిటీ ఉంది. ఆ కమిటీ నివేదికలు ఎవరూ చదవరు కనుకే మంత్రులకు ఆ వాక్యమంటే అంత ధీమా. విలేకరులైనా మూడు నెలలు ఆగి, తేదీ చూసి, ఆ సభ్యుడికే గుర్తు చేయవచ్చు. ఖర్చు లేని పని.

వీటన్నిటి కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది, అడిగినవారు ఏ వైపు కూర్చున్నారో. ప్రతిపక్షం అవినీతి గురించి అడగడం దాని పని. అడగకపోతేనే వార్త. అధికార పక్షం వైపు నుంచి వచ్చే ప్రశ్నలు నేను చదివినంత మేర చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి: ఫలానా పథకం వల్ల ఎంతమంది లబ్ధి పొందారో గౌరవ మంత్రివర్యులు తెలియజేస్తారా? మంత్రివర్యులు సంతోషంగా తెలియజేస్తారు. సప్లిమెంటరీ కూడా అభినందనతోనే మొదలవుతుంది. అధికారుల గ్యాలరీ నుంచి ఒక్క చీటీ కదలదు. సొంత ప్రభుత్వ మంత్రిని అంకెలతో నిలబెట్టే సభ్యుడు ఒక్కడున్నా, ఏ కమిషనూ వేయకుండానే సగం నిజం ఆ ప్రశ్నోత్తరాల గంటలోనే బయటికొస్తుంది.