ఉద్యోగపర్వమున బలరాముని సంధివచనము

భారతమున ఉద్యోగపర్వము సంధిప్రయత్నముల పర్వము. ద్రుపదపురోహితుని రాయబారము, సంజయుని రాయబారము, శ్రీకృష్ణుని రాయబారము అను మూఁడును లోకప్రసిద్ధములు. వీనిలోఁ గడపటిది మన నాటకరంగముమూలమున నక్షరజ్ఞానము లేనివారికిని సుపరిచితమైనది. అయినను నీ మూఁటికిని బీజమైన విరాటసభలోని మంత్రాలోచనమును, అందు బలరాముఁడు పలికిన పలుకులను జదువరులు తఱచుగా నొక చిన్న తగవుగా నెంచి దాఁటిపోవుచుందురు. పాండవుల మేలుకోరి కూడిన సభలోఁ గూర్చుండి, పాండవులకు మేనమామ కొడుకై, వృష్ణివీరులలోఁ బెద్దయై, ప్రతిపక్షియగు దుర్యోధనునకుఁ బ్రియముగా మాటలాడినవాఁడు అతఁడొక్కఁడే. అది బంధుద్రోహమా? శాంతికాముని దూరదృష్టియా? కేవలము శిష్యవాత్సల్యమా? ఈ ప్రశ్నమునకు సమాధానము దొరకినఁగాని బలరాముని పాత్రయుఁ దెలియదు. సంధికాలమున శత్రువుతోడి మైత్రి యెంతవఱకుఁ దగునను నీతియుఁ దెలియదు.

కథాసందర్భ మిది. అభిమన్యుని వివాహము జరిగిన మఱునాఁడు రాజులందఱును విరాటుని సభయందుఁ గూడిరి. శ్రీకృష్ణుఁడు ముందుగాఁ బ్రసంగించి, శకుని కపటద్యూతమున ధర్మరాజు రాజ్యము గోల్పోయిన తెఱఁగును, 13 ఏండ్లు సమయమును నిలిపిన విధమును జెప్పి, దుర్యోధనుని మనసెట్లున్నదో తెలియదు గావున నర్ధరాజ్యము నడుగుటకు సమర్థుఁడగు దూతను బంపుట మేలనెను. పిమ్మట బలరాముఁడు తమ్ముని మాటను మెచ్చుకొని, అర్ధరాజ్యముతోఁ దృప్తిపడుటకుఁ బాండవులు సిద్ధముగా నుండుట మంచిదనెను. ఇంతవఱకు నన్నదమ్ములకు నభిప్రాయభేదము లేదు. తరువాత నతఁడు రెండు మాటలు చేర్చెను. దూత కౌరవసభలో భీష్మద్రోణాదులకు నమస్కరించి వినయముతో మాటలాడవలెనే గాని వారిని రెచ్చఁగొట్టరాదు అనునది మొదటిది. ధర్మరాజు జూదమున నేర్పులేనివాఁడయ్యును, తాను గెలువఁగలవారు పెక్కండ్రుండఁగా, వారిని విడిచి నేర్పరియగు శకునినే యెదుర్కొని యోడెను గావున శకునియందు దోషము లేదు అనునది రెండవది.

ఆ మాట ముగియకమున్నే సాత్యకి లేచి మండిపడెను. ఒక చెట్టుననే ఫలించు కొమ్మయు ఫలింపని కొమ్మయు నుండునట్లు ఒక కులముననే శూరులును బిఱికివారును బుట్టుదురని యెత్తిపొడిచి, ఇట్టి మాట లాడినవానికంటె విని యూరకున్నవారినే నిందింపవలయుననెను. ధర్మరాజు జూదమునకు తాను బోలేదనియు, పిలువఁబడి పోయెననియు, నమ్మినవానిని నేర్పరులు మోసగించిరనియు ఖండించెను. ద్రుపదుఁడు సాత్యకిని సమర్థించి, దూతను బంపుచునే సేనలను గూడ సమకూర్పవలెననెను. కడపట శ్రీకృష్ణుఁడు తమకుఁ గౌరవపాండవులతోడి సంబంధము సమానమేయని తగవు చల్లార్చి, కార్యభారమును వృద్ధుఁడగు ద్రుపదునిపై నుంచి ద్వారకకుఁ బోయెను.

బలరాముని మాటపై రెండు పక్షములు సంభవించును. సాత్యకివలె నతనిని నిందించి, శత్రుపక్షపాతి యనువారు కొందఱు. రానున్న వినాశమును ముందుగాఁ గని శాంతిని గోరినవాఁ డతఁడే, తక్కినవారు యుద్ధోన్మత్తులు అనువారు మఱికొందఱు. ఈ రెండును సమగ్రములు కావు. బలరాముని రెండు మాటలను వేఱుచేసి చూచిననే తత్త్వము తేలును.

మొదటి మాట రీతిని గూర్చినది. ఇందు బలరాముఁడు నిర్దుష్టుఁడు. కథాగతియే యందులకు సాక్షి. ద్రుపదుని పురోహితుఁడు హస్తినాపురమునకుఁ బోయి పాండవుల హక్కును నిష్ఠురముగాఁ బ్రకటించినపుడు, పాండవుల మేలుకోరు భీష్ముఁడు సైతము, నీవు చెప్పినది సత్యమే కాని మిక్కిలి తీక్ష్ణముగా నున్నదని యొప్పుకొనవలసి వచ్చెను. ఆ తీక్ష్ణత కర్ణుని గర్వోక్తులకుఁ దావిచ్చెనే కాని కార్యమును నెరవేర్పలేదు. పిమ్మట శ్రీకృష్ణుఁడు స్వయముగా రాయబారమునకుఁ బోయినపుడు తొలిప్రసంగమును ధృతరాష్ట్రుని సంబోధించియే, కురువంశగౌరవమును గొనియాడుచు, ఇరువాగులవారి క్షేమమును గోరియే చేసెను. సాత్యకి యెగతాళి చేసిన బలరామోపదేశమును శ్రీకృష్ణుఁడు కార్యరూపమున నంగీకరించినట్లే యైనది. కావున ప్రతిపక్షితో మృదువుగా మాటలాడుట భీరుత్వమనుట సాత్యకి యౌవనోద్రేకమే కాని రాజనీతి కాదు.

రెండవ మాట దోషనిర్ణయమును గూర్చినది. ఇచ్చటనే బలరాముఁడు దారి తప్పెను. ధర్మరాజు జూదమాడుట తప్పే యనుకొందము. దానివలన నేమి సిద్ధించును? రెండవ ద్యూతమున నేర్పడిన పణము స్పష్టము. ఓడినవారు 12 ఏండ్లు వనవాసమును, 1 ఏఁడజ్ఞాతవాసమును జేసి, పదుమూఁడవయేఁడు గడచిన పిదప తమ రాజ్యమును మరల పొందవలయును. పాండవులా గడువును నిలిపిరి. ఇఁక విచార్యమైనది శకుని పాచికల నేర్పు కాదు, దుర్యోధనుఁడు చేసిన యొడంబడిక. అప్పు తీర్పవలసిన గడువు వచ్చినపుడు, అప్పిచ్చినవాఁడు వెనుక నెంత యవివేకియో విచారించుట ప్రకృతమును విడిచి యప్రకృతమును బట్టుటయే. బలరాముని వాత్సల్య మతని నోటఁ దగిన యొడంబడికమాట రానీయక, తగని జూదముమాటను రప్పించినది. మృదువుగా మాటలాడుట వేఱు, తప్పును స్థానము మార్చి నిలుపుట వేఱు. మొదటిది సామము, రెండవది పక్షపాతము.

ఇచ్చట రెండు శబ్దముల యర్థమును విచారింపవలసియున్నది. భగవద్గీత 6వ యధ్యాయమున ఉదాసీనుఁడును మధ్యస్థుఁడును వేర్వేఱుగాఁ జెప్పఁబడిరి. ఏ పక్షమునుఁ బట్టనివాఁ డుదాసీనుఁడు. విరోధించిన యిరువురకును హితము గోరువాఁడు మధ్యస్థుఁడు అని శంకరభగవత్పాదులు వివరించిరి. వ్యాకరణము సైతము నీ భేదమునే చూపుచున్నది. మధ్యస్థ శబ్దమున నున్నది స్థా ధాతువు. నడుమ నిలుచువాఁడని యర్థము. ఉదాసీన శబ్దమున నున్నది ఆస ధాతువు; దానిపై శానచ్ ప్రత్యయమునకు నీకారాదేశము వచ్చి, ఎడముగాఁ గూర్చుండినవాఁడను నర్థము నిచ్చుచున్నది. ఒకఁడు నిలుచువాఁడు, ఒకఁడు కూర్చుండువాఁడు. కౌటిల్యుఁడు సైతము రాజమండలమున మధ్యమునిని నుదాసీనునిని వేఱుగా లెక్కించి, ఇరువురి రాజ్యములకును సమీపవర్తియై వారిని ననుగ్రహించుటకును నిగ్రహించుటకును జాలినవాఁడు మధ్యముఁడని చెప్పెను. నిగ్రహశక్తి లేని యనుగ్రహము మధ్యస్థలక్షణము కాదన్నమాట.

ఈ కొలతతో బలరాముని కొలుతము. గదావిద్యలో భీమదుర్యోధనులిరువురును తనకు శిష్యులే. ఇరువురియందును స్నేహము సమానమేయని యతఁడే చెప్పుకొనెను. ఇంతకంటె మధ్యస్థుఁడగుటకుఁ దగినవాఁడు వేఱొకఁడు లేఁడు. దుర్యోధనుఁడు భీష్మవిదురుల హితోక్తులను వృద్ధుల చాదస్తముగాను, శ్రీకృష్ణుని మాటను పాండవపక్షపు మాటగాను ద్రోయఁగలఁడు. గురువగు బలరాముని మాటను నట్లు ద్రోయుట కతని కేసాకును దొరకదు. అట్టి బలరాముఁడు పాండవుల సభలో దుర్యోధనునకై మాటలాడెనే కాని, దుర్యోధనుని సభలోఁ బాండవులకై మాటలాడుటకు హస్తినాపురమునకుఁ బోలేదు.

పోనవసరము లేకయే యొక యవకాశము చేతికి వచ్చెను. సహాయము గోరి దుర్యోధనుఁడే ద్వారకకు వచ్చెను. శ్రీకృష్ణునివలన నారాయణగోపసైన్యమును బడసిన పిదప బలరాముని దర్శించెను. ఆ యేకాంతమున గురువు శిష్యునితో నేమనెను? విరాటుని యింట నీ నిమిత్తము మాటలాడితిననియు, తమ్మునిఁ బలుమాఱు వారించితిననియు, కృష్ణునిఁ బాసి క్షణమైన నుండలేను గావున నెవ్వరికిని సాయపడననియు చెప్పి, క్షత్రధర్మముతో యుద్ధము చేయుమని పంపివేసెను. ఒడంబడిక నిలుపుమని గాని, సగము రాజ్య మిమ్మని గాని యొక్కమాట యనలేదు. దుర్యోధనుఁ డతనిఁ గౌఁగిలించుకొని, గెలుపు చేఁజిక్కినట్లే తలఁచి మరలెను. బలరాముని నిజమైన లోపమిది. శత్రువుతో స్నేహముండుట దోషము కాదు. ఆ స్నేహమును మనవారిని నొప్పించుటకుఁ గాక యతనిని వారించుటకు వినియోగింపకుండుట దోషము.

శ్రీకృష్ణుని ప్రవర్తనముతోఁ బోల్చిన నిది మఱింత స్పష్టము. దుర్యోధనునకు బలరాముఁడు మాటసాయము మాత్రమే చేసెను; శ్రీకృష్ణుఁడు తన సైన్యమునే యిచ్చెను. బాహ్యదృష్టితో జూచినచోఁ బ్రతిపక్షికిఁ జేసిన యుపకారమున శ్రీకృష్ణుఁడే యధికుఁడు. అయినను ధర్మమెచ్చట నున్నదో యతఁ డెన్నఁడును మఱుఁగుపఱుపలేదు. ధృతరాష్ట్రుఁడు రథములను రత్నములను గానుకలీయఁదలఁచినపుడు, ధనముతో నతనిఁ బాండవులనుండి విడఁదీయఁజూచుచున్నావని విదురుఁడు మొగముమీఁదనే చెప్పెను. దుర్యోధనుఁడు విందునకుఁ బిలిచినపుడు శ్రీకృష్ణుఁడు, దూతలు కార్యము నెరవేఱిన పిదపనే భుజింతురని నిరాకరించి, విదురుని యింట భుజించెను. మఱునాఁడు నిండుసభలో మొదట మృదువుగాను, పిదప నిష్కర్షగాను దుర్యోధనునకే బుద్ధి చెప్పెను. శత్రువు మేలు గోరుట యనఁగా నిదియే. విందుల కాశపడి బోయిడులలోఁ జిక్కి మేనల్లుండ్రకు శత్రుసేనానియైన శల్యుని కథ యీ పర్వమందే యుండుట యాకస్మికము కాదు. ప్రతిపక్షి యాతిథ్యమును గార్యసిద్ధికి ముందు గొన్నవాఁడెట్లగునో యది చూపుచున్నది.

రాయబారము విఫలమైన పిదప బలరాముఁడు పాండవశిబిరమునకు వచ్చి, కురుక్షయమును జూడఁజాలనని చెప్పి సరస్వతీతీర్థములకు వెడలిపోయెను. మధ్యస్థుఁడుగా నిలువవలసినవాఁ డుదాసీనుఁడై కూర్చుండెను. 42 దినములకు మరలి వచ్చునప్పటికి 11 యక్షౌహిణులును 7 యక్షౌహిణులును నశించి గదాయుద్ధము మాత్రము మిగిలియున్నది. భీముఁడు నాభికి దిగువను గొట్టి దుర్యోధనుని తొడలు విఱుచుట కని, బలరాముఁడు నాఁగలెత్తి యతనిపైఁ గవిసెను. శ్రీకృష్ణుఁడు పట్టి యాపెను. అతని యాగ్రహము న్యాయమే. కాని పాచికలలోని కపటము కనఁబడని కన్నులకు గదలోని యధర్మము కనఁబడెను. తన విద్యయందుఁ బాటింపవలసిన నియమ మతనికిఁ బ్రాణము. రాజ్యములమధ్య నున్న నియమము మాత్రము నతనికిఁ బట్టలేదు. వ్యాసుఁ డీ రెండుఘట్టములలో నొకే హృదయమును జూపినాఁడు.

13వ శతాబ్దిని తిక్కన యీ పర్వమును దెనిఁగించునపుడు బలరామసాత్యకుల సంవాదమును విడువకుండుట గమనింపఁదగినది. అతఁడు మనుమసిద్ధి యాస్థానమున మంత్రి. ప్రభువునకు రాజ్యము దప్పినపుడు గణపతిదేవుని సాయము గోరి యోరుగంటికిఁ బోయెనని తరువాతి గ్రంథములు చెప్పుచున్నవి. పరసభలో మెలఁగు మాటకును స్వపక్షమున మెలఁగు మాటకును గల తారతమ్య మట్టివానికిఁ దెలియకుండునా?

కావున బలరాముఁడు ద్రోహి కాఁడు, శాంతిదూతయుఁ గాఁడు. మంచి మనసుండి, దానిఁ జెప్పవలసిన చోటఁ జెప్పనివాఁడు. సంధికాలమున నాయకుఁడు ప్రతిపక్షిని మెచ్చుకొన్నపుడు నాఁడును నేఁడును అడుగవలసిన ప్రశ్న మొక్కటియే: ఆ చనవును బురస్కరించుకొని యతఁడు ప్రతిపక్షితో నే కఠినసత్యమును జెప్పెను? చెప్పియున్నచో నది మధ్యస్థుని మైత్రి. చెప్పకున్నచో నది యెంత తీయనిదైనను మనవారి సొమ్ముతోఁ బరులకుఁ బెట్టిన విందు మాత్రమే.