కలకు ముందు కన్ను

పెద్ద కన్నొకటి బెలూన్‌లా ఆకాశంలోకి లేస్తోంది. కింద పళ్ళెంలో ఒక తలను మోసుకుపోతోంది. దిగువన కదలని నీళ్ళు, ఒడ్డున గడ్డి. ఫ్రెంచి చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ 1882లో అచ్చువేసిన నలుపు తెలుపు బొమ్మ ఇది. మొదటిసారి చూసి, ఇదేం పిచ్చి బొమ్మ అనుకున్నాను. మళ్ళీ చూస్తే గడ్డి నన్ను ఆపింది. అది మనం రోజూ చూసే గడ్డే. అది నిజంగా ఉంది కాబట్టే పైన ఎగిరే కన్నును కూడా నమ్మాలనిపిస్తుంది.

రెడాన్ 1840లో బోర్డో నగరంలో పుట్టాడు. బాల్యం ఎక్కువగా పల్లెలో, ఒంటరిగా గడిచింది. ఆర్మాండ్ క్లావో అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆయనకు కంటికి ఆనని సూక్ష్మజీవుల లోకాన్ని పరిచయం చేశాడు. గులకరాయినో గడ్డిపోచనో ఉన్నదున్నట్టు శ్రద్ధగా గీశాకే ఊహాచిత్రం గీయాలన్న ఆరాటం తనలో పుట్టేదని రెడాన్ రాసుకున్నాడు. అంటే ఆయన కల గాలిలోంచి రాలేదు, చూపులోంచి వచ్చింది.

సుమారు యాభై ఏళ్ళ వయసు దాకా ఆయన ఎక్కువగా బొగ్గుతో, నలుపుతోనే పనిచేశాడు. తర్వాత పాస్టెల్ రంగుల్లోకి వచ్చాడు. ఆ రంగుల పూలకుండీలే చాలామందికి ఇష్టం. నాకు మాత్రం నలుపు బొమ్మలే గొప్పవి. పూలు మనల్ని ఓదారుస్తాయి, నలుపు మనల్ని ప్రశ్నిస్తుంది.

1913లో న్యూయార్క్‌లో జరిగిన ఆర్మరీ షోలో ఆయన చిత్రాలకు పెద్ద చోటు దక్కింది. 1916లో ఆయన మరణించాడు. 1924లో ప్యారిస్‌లో సర్రియలిస్టులు కలకు కళలో పెద్దపీట వేశారు. ఆ దారిలో ముందు నడిచినవారిలో రెడాన్‌ను విమర్శకులు లెక్కిస్తారు.

కలను గీయడం మనకూ కొత్త కాదు. సవరల గోడబొమ్మకు కలతో ముడి ఉంది. చనిపోయిన పెద్దలో, దేవతలో కలలో కోరారని ఇంటి గోడమీద గీస్తారు. రెడాన్ కల ఒంటరి మనిషిది, ఈ కల ఇంటిల్లిపాదిది. అయినా ఆయన బొమ్మను ఆధునిక కళ అనేవారు మన గోడను ఉత్త అలంకారం అంటారు. ఈ తూకం సరైనది కాదు. రెండింటినీ ఒకే శ్రద్ధతో చదవాలి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. పిల్ల చెట్టుకు కన్ను గీస్తే ఎర్రసిరాతో కొట్టేయకండి. పక్కన కూర్చుని, ఏ చెట్టమ్మా ఇది, ఎక్కడ చూశావు అని అడగండి. ఆ పిల్ల చెప్పేది పూర్తిగా వినండి.