కొలత చెప్పిన మాట

టెలివిజన్‌లో ధారావాహికల నడుమ ఆరోగ్య సందేశములు వచ్చినప్పుడు, జనులు వానిని సబ్బుల ప్రకటనలతో ఒకే గాటన కట్టి, పొయ్యిమీది పాలు దించుటకో మంచినీళ్లు త్రాగుటకో లేచిపోవుదురు. కాని సరకేదియు అమ్మజూడని ఆ అర నిమిషపు రచనయే వ్రాయువాని నేర్పునకు కఠినమైన పరీక్షయని నా చిరకాల విశ్వాసము.

నీళ్ల విరేచనములైన పసిబిడ్డకు నీరే పట్టరాదను నమ్మిక మా పల్లెలో బలముగా నుండెడిది. అట్టి యింటిలోని తల్లికి ‘జాగ్రత్త వహింపుడు’ అన్నచో ఏమి ప్రయోజనము? లీటరు కాచి చల్లార్చిన నీరు, ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు అని చెప్పవలెను. అంచుకు సమముగా వ్రేలితో గీచిన చెంచాను దగ్గరగా చూపవలెను. కలిపిన నీరు కన్నీటికంటె ఉప్పగా నుండరాదని, నాలుకపై చుక్క వేసికొని చూడుమని నేర్పవలెను. ఉప్పు మించినచో బిడ్డకే అపాయము. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో క్రిక్కిరిసిన బన్‌గావ్ శిబిరమున కలరా ప్రబలి, సెలైను సీసాలు నిండుకొన్న వేళ, వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించి, నూటికి 30 వరకు నున్న మరణములను 4కు లోపుగా దింపినాడు. కొలత తెలిసిన చేయి ఎవరిదైనను ప్రాణము నిలుపగలదని అచ్చట రుజువైనది.

1995లో ఆరంభమైన పల్స్ పోలియో సందేశములకును ఇదియే బలము: ఐదేండ్లలోపు బిడ్డ, ఆదివారము, దగ్గరి కేంద్రము, రెండు చుక్కలు. అమితాబ్ బచ్చన్ తెరపై కోపించి మందలించినను, పిమ్మట చేయవలసినదేమో ఏ తల్లికిని సందేహము మిగులలేదు. ఇల్లిల్లు తిరిగిన కార్యకర్తల శ్రమయే ప్రధానమైనను, వారు తలుపు తట్టునప్పటికే మాట లోపలికి చేరియుండుట గొప్ప సాయము. కడపటి కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనబడగా, 2014 మార్చి 27న దేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడినది.

2012 నుండి చలనచిత్రములలో పొగత్రాగు దృశ్యము వచ్చినప్పుడెల్ల తెర యడుగున ఒక హెచ్చరిక నిలుచుచున్నది. అది సత్యమే, ఐనను మానదలచినవాడు ఎవరిని ఆశ్రయింపవలెనో ఆ పంక్తి చెప్పదు. 1800-11-2356 అను ఉచిత సహాయ సంఖ్య 2018 నుండి సిగరెట్టు పెట్టెలపై ముద్రితమగుచున్నది. ప్రసారకర్తలారా, ఆ హెచ్చరిక ప్రక్కనే ఈ సంఖ్యనుగూడ నిలుపుడు.