మేము మెచ్చిన సంగీతజ్ఞులు

సంగీతమునుగూర్చి మన గృహములలో జరుగు ప్రసంగములను వినినచో నొక చిత్రము గోచరించును. పాడినవారెవ్వరు, ఏ కులమువారు, పాడినది సభయందా, దేవాలయమందా, సినిమాయందా, వీధియందా అని మొదట విచారించి, పిమ్మటగాని పాట బాగున్నదో లేదో నిర్ణయింపరు. కచేరీ సంగీతమును ప్రేమించువారు సినిమాపాట పేరెత్తనీయరు. సినిమాపాటకు మరిగినవారు కచేరీ యనగా నిద్రకు మందని పరిహసింతురు. బుఱ్ఱకథ యన్నచో నుభయులును ముఖము త్రిప్పుకొందురు. చెవి చేయవలసిన తీర్పును వంశవృక్షము చేయుచున్నది. ఈ దురభ్యాసమునకు విరుగుడుగా మేము మెచ్చిన యైదుగురిని ఐదు మార్గములనుండి యేరి చదువరుల ముందుంచుచున్నాము. వీరికంటె గొప్పవారు లేరని మా వాదము కాదు. వీరిని వినుటవలన చెవి యేమి నేర్చునో చెప్పుటయే మా యుద్దేశము.

మొదటివారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964). ఫిడేలు పడమటినుండి వచ్చి మన సంగీతమున స్థిరపడి రెండువందల యేండ్లయినది. అయినను చిరకాలము దానికి గాత్రమును వెన్నంటి నడచు పనియే దక్కినది. నాయుడుగారు ప్రక్కవాద్యము వాయించుటయందు నిపుణులు. ఆ వాద్యమును కచేరీలో నాయకస్థానమున కూర్చుండబెట్టుట వారు చేసిన విశేషకార్యము. వారి ప్రజ్ఞ కమానులో నున్నది. దానిని నిడుపుగా లాగి, స్వరమును తెగనీయక, ఒక్కొక యెడ వినబడీ వినబడనంత సన్నముగా చేసి, మరల నిండుగా పలికించుటను వారి రికార్డులలో నేటికిని వినవచ్చును. వేగము చూపి జనమును మురిపింపవలెనను తొందర వారికి లేదు. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసినప్పుడు విద్యార్థిగా చేరవచ్చిన యీ యువకుని ఆచార్యునిగనే నియమించిరి. 1936లో దానికి వారే ప్రధానాచార్యులైరి.

ఆ కళాశాలలోనే, మధుకరమెత్తి కడుపు నింపుకొనుచు విద్య నేర్చినవారు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974). సినిమా సంగీతము తేలికదని త్రోసివేయువారు వారి పద్యములను వినవలయును. నాటకరంగమున చాలకాలము పద్యమునకు హార్మోనియమే యజమాని. పద్యము ముగిసినను రాగము సాగుచునే యుండెడిది. ప్రేక్షకులు వన్సుమోరని కేకలు వేయుచుండెడివారు. అర్థ మెక్కడనో జారిపోయెడిది. ఘంటసాలవారు రాగమును కుదించి, సమాసమును విరువవలసినచోట విరిచి, భావమును ముందు నిలిపిరి. అక్షరము రాని శ్రోతకును పద్యము బోధపడినట్లు తోపించుట సామాన్యవిషయము కాదు. అయితే వారు పాడినవన్నియు నొక్క యెత్తువి కావు. వాద్యముల హోరులో నంతటి కంఠము వృథాయైన పాటలును గలవు. ఇష్టులైనంతమాత్రమున విమర్శ మానరాదు గనుక దీనిని చెప్పుచున్నాము.

మూడవవారు షేక్ చినమౌలానాగారు (1924–1999). ప్రకాశము జిల్లాలోని కరవదిలో పుట్టి, తంజావూరు బాణీ నాదస్వరమును సాధించి, శ్రీరంగమున స్థిరపడిరి. ఇస్లాము మతస్థులైన వీరి వాద్యము రంగనాథుని సన్నిధిలో మ్రోగినది. 1998లో చెన్నై మ్యూజిక్ అకాడమీవారు వీరిని సంగీత కళానిధి బిరుదముతో గౌరవించిరి. నాదస్వరము ఆరుబయట వినుటకు పుట్టిన వాద్యము. దాని గాంభీర్యమును చెడనీయక, రాగాలాపనమున గాత్రమువలె మెత్తగా పలికించుట వీరి ప్రత్యేకత. ఇట్టి వాద్యమునకు మన పెండ్లిపందిళ్లలో జరుగు సత్కారమెట్టిది? తాళి కట్టువేళ గట్టిమేళమని వ్రేలు చూపుదుము. తక్కిన కాలమంతయు సన్నాయివాని రాగముమీద మన మాటలు పరతుము. భోజనమునకు వానికి కడపటి పంక్తి. వాయించువాడు మనుష్యుడనియు, వాయించునది విద్య యనియు నా పందిట నెందరికి తోచుచున్నది?

నాలుగవవారు బుఱ్ఱకథా పితామహులని పేరొందిన షేక్ నాజరుగారు (1920–1997). గుంటూరు జిల్లా పొన్నెకల్లు వీరి జన్మస్థానము. తంబుర భుజమున వేసి, వ్రేళ్ల యందెలతో తాళము కొట్టుచు, పాడుచు, ఆడుచు, మాటాడుచు వీరు పల్నాటి యుద్ధమును నడిపించిన తీరు ప్రసిద్ధము. ఇరుప్రక్కల డక్కీలు వాయించు వంతగాండ్రలో నొకడు హాస్యమును, మరియొకడు లోకవ్యవహారమును చెప్పును. ముగ్గురి లయ యొక్కటిగా సాగవలెను. ఒక్క యడుగు తప్పినను కథ కుంటుపడును. దీనిని సంగీతము కాదనువారు లయ యనగా నేమో మరల నాలోచింపవలయును. మద్రాసు ప్రభుత్వమును నిజాము ప్రభుత్వమును బుఱ్ఱకథను నిషేధించిన దినములు గలవు. పాలకులు వెరచిన కళను పండితులు చులకన చేయుట వింత గదా! 1986లో ప్రభుత్వము వీరికి పద్మశ్రీ యిచ్చినది.

ఐదవవారు ఉత్తరదేశపు గాయని బేగం అఖ్తరుగారు (1914–1974). గజలు, ఠుమ్రీ, దాద్రాలు వీరి సొత్తు. పై స్థాయి నందుకొనునప్పుడు వీరి కంఠ మొక్క క్షణము చీలును. ఇతరులయెడ దోషమనిపించు నా చీలికయే, దుఃఖము చెప్పు మాటవద్ద వచ్చినప్పుడు, వీరి పాటకు ప్రాణమైనది. భాష తెలియని తెలుగు శ్రోతకును ఆ చోట గొంతు పట్టుకొన్నట్లగును. 1945లో వీరొక బారిష్టరును వివాహమాడి పాట మానిరి. కొన్ని యేండ్ల మౌనమువలన ఆరోగ్యము చెడినది. 1949లో లక్నో రేడియోలో మరల పాడినపిదపనే వీరు తేరుకొనిరి. మన దక్షిణమున బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952) తమ యార్జనముతో తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిరి. ఆ గుడి లేచిన కాలమున స్వామి యారాధనలో స్త్రీలు పాడుటకు వీలులేకుండెను.

ఇవి గతించిన సంగతులని చదువరులు నిట్టూర్చి పుట త్రిప్పరాదు. నేడును మన బాలికలకు సంగీత మెందుకు నేర్పుచున్నాము? పెండ్లిచూపులలో నొక కీర్తన పాడించుటకు. పదియేండ్లు నేర్చిన విద్య పది నిమిషముల పరీక్షతో ముగియును. ఆ పిదప అత్తవారింట వీణ యటక నెక్కును. పిల్ల పాడుటలేదేమని యెవరైన నడిగినచో, సంసారములో తీరిక యెక్కడిదని యామె చేతనే చెప్పింతుము. మగవానికి తీరిక యెట్లు దొరకినదో ఎవ్వరు నడుగరు.

కావున సోదర సోదరీమణులకు మా మనవి యిది. వారమున కొక గంటసేపు ఇంటిల్లిపాదియు కూర్చుండి, మాటలాడక, పనిచేయక, ఒక విద్వాంసుని పూర్తిగా వినుడు. నేడు రికార్డులన్నియు చేతిలోని ఫోనులోనే దొరకుచున్నవి గనుక ధనవ్యయము లేదు. ఒక వారము ఫిడేలు, ఒక వారము బుఱ్ఱకథ వినుడు. పేరును ఊరును తరువాత విచారింపవచ్చును. శుభకార్యమున సన్నాయివారిని పిలిచినచో వారికి తగిన యాసనమిచ్చి యొక రాగము శ్రద్ధగా వినుడు. అన్నిటికంటె ముందు, కోడలి వీణను అటకనుండి దింపి తంత్రులు మార్పించి, సాయంకాలమున నొక గంట వంటపని మరియొకరు చూచుకొనుడు.