క్రియాటినిన్ కోసం ఆగొద్దు

గుండె ఆపరేషన్ అయిన పసిబిడ్డకు కిడ్నీలు దెబ్బతిన్నాయని ఒప్పుకోవడానికి రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగేదాకా ఆగడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు గానీ ఆ అంకె పైకి లేవదు. పుట్టిన తొలి రోజుల్లో అయితే అది చాలావరకు తల్లి నుంచి వచ్చిందే. ఒంట్లో నీరు చేరితే రక్తం పలచబడి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కూడా. మూడు కిలోల బిడ్డకు గంటకు కనీసం 3 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. నర్సు గంటగంటకూ కొలిచి చార్టులో రాసే ఆ కాసిని చుక్కలే అసలైన హెచ్చరిక. మందులతో, రక్తంతో లోపలికి వెళ్లిన దాంట్లో 300 మిల్లీలీటర్లు బయటికి రాకుండా ఉండిపోతే బరువులో పదో వంతు పెరిగినట్టే. ఆ నీరు ఊపిరితిత్తులకు పట్టి బిడ్డను వెంటిలేటర్ వదలనివ్వదు.

మూత్రం రప్పించే మందు లాసిక్స్‌కు మూత్రం రాకపోతే, డోసు పెంచుతూ ఇంకో రోజు చూడటం కన్నా పెరిటోనియల్ డయాలిసిస్ మొదలుపెట్టడం మేలు. పొట్టలోకి వేసిన సన్నని గొట్టం ద్వారా కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున గ్లూకోజు ద్రవం పోస్తారు. అది పొట్ట లోపలి పొర గుండా నీటిని లాక్కున్నాక తీసేస్తారు. రక్తాన్ని బయటికి తీసి వడకట్టే మెషీన్ ఉంది కదా అంటారు. ఇంత బిడ్డ ఒంట్లో ఉండే రక్తమే పావు లీటరు. అందులో ఎంత భాగాన్ని గొట్టాల్లో తిప్పగలం? పైగా ఆ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా హెపారిన్ ఇస్తారు, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న ఒంటికి అది రక్తస్రావపు ముప్పు.

అమెరికాలోని సిన్సినాటిలో ఆరు నెలల లోపు పిల్లలు 73 మందిపై చేసిన పరిశోధన 2017లో వెలువడింది. ఆపరేషన్ తర్వాత మూత్రం తగ్గిన పిల్లల్లో కొందరికి డయాలిసిస్, కొందరికి లాసిక్స్ ఇచ్చి చూశారు. మొదటి రోజు నీటి లెక్కలో తేడా రాలేదు, మరణాల్లోనూ రాలేదు. అది దాచాల్సిన సంగతి కాదు. కానీ పదో వంతుకు మించి నీరు చేరే ముప్పు లాసిక్స్ పిల్లల్లో మూడు రెట్లు, వెంటిలేటర్ మీద ఎక్కువకాలం ఉండిపోయిందీ వాళ్లే. కెనడాలోని ఎడ్మంటన్‌లో నార్‌వుడ్ అనే గుండె ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్తగా డయాలిసిస్ చేసినా నీరు త్వరగా తగ్గలేదని 2015లో తేలింది కదా అని అడగొచ్చు. తేలింది, నిజమే. కాబట్టే అందరికీ చేయమని నేననను. గొట్టం వల్ల ఇన్ఫెక్షన్, లీకేజీ ఉంటాయి కనుక కిడ్నీలు దెబ్బతినే ముప్పు ఎక్కువున్న బిడ్డలకే ఆపరేషన్ బల్ల మీద దాన్ని వేయాలి. మూత్రం బాగా వస్తే వాడకుండానే తీసేయాలి. రాకపోతే మాత్రం మర్నాటి రిపోర్టు కోసం చూడకుండా, ఆ రాత్రే వాడాలి.