తూము పాఠములో మిగిలిపోయిన సగము

ఉన్నత పాఠశాలలో ద్రవపీడనము బోధించేటప్పుడు మూడు రంధ్రాల డబ్బా ప్రయోగము తప్పనిసరి. అడుగు రంధ్రము నుండి నీరు అన్నిటికంటె వేగముగా వస్తుంది; ఇది నిజమే. కాని అనేక బొమ్మలలో ఆ ధారయే అన్నిటికంటె దూరముగా పడినట్లు గీస్తారు. డబ్బాను బల్లపై ఉంచి ధారలను ఆ బల్లపైనే పడనిస్తే, దూరము పోయేది నీటి ఎత్తులో సగమున ఉన్న రంధ్రపు ధార. అడుగు ధారకు వేగమున్నది గాని, క్రింద పడేలోగా ముందుకు సాగే వ్యవధి లేదు.

బొమ్మను దిద్దుకోవచ్చు. అంతకంటె పెద్ద లోపమేమంటే, నీరు ఎంత వేగముగా వస్తుందో చెప్పి, ఎంత నీరు వస్తుందో చెప్పకుండానే పాఠము ముగుస్తుంది. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో చెరువుకట్టల దిగువన పెరిగే పిల్లలకు కావలసినది ఈ రెండవ లెక్క.

వేగమును రంధ్ర వైశాల్యముతో గుణిస్తే నీటి పరిమాణము వస్తుంది. వైశాల్యము వ్యాసపు వర్గమును బట్టి పెరుగుతుంది. కనుక రెండంగుళాల తూముకు బదులు అంగుళపు తూములు రెండు చాలవు, నాలుగు కావలె. పొడవైన గొట్టము తగిలిస్తే నాలుగూ చాలవు. సన్నని గొట్టములో ఘర్షణ పాలు ఎక్కువ. తెరచాప పడవలు కట్టేవారికి ఇది బాగా తెలుసు. మనుషులు కూర్చునే గుంటలో అల నింపిన నీరు మరో అల రాకముందే పోవలె. పడవ గోడకు పెద్ద రంధ్రము చేసి సన్నని గొట్టము తగిలిస్తే ఆ రంధ్రము వృథా.

వేగము మాత్రము లోతు యొక్క వర్గమూలమును బట్టి పెరుగుతుంది. లోతు నాలుగింతలైతేగాని తూము నీరు రెండింతలు కాదు. మత్తడి అట్లా కాదు. దానిపై పొర్లే నీటి మందము రెండింతలైతే పోయే నీరు సుమారు 2.8 రెట్లవుతుంది. అక్కడ వేగముతోపాటు ప్రవాహపు మందమూ పెరుగుతుంది గదా! సాగుకు తూము, వరదకు మత్తడి అని పాతవారు విడదీయడములోని యుక్తి చిన్నది కాదు.

నాటి ఆదిలాబాదు జిల్లాలోని కడెం (నేడు నిర్మల్ జిల్లా) కట్టకు నీటిమట్టముపై 2.4 మీటర్ల ఎత్తు అదనముగా ఉంచినారు. అయినా 1958 ఆగస్టులో వరద ఆ కట్టపై 46 సెంటీమీటర్ల మందమున పొర్లి, ఎడమవైపు సుమారు 137 మీటర్ల గండి కొట్టింది. అదనపు ఎత్తు కొంత వ్యవధినిస్తుంది. నీరు పోయే దారిని పెంచదు. 2022 జూలైలో వచ్చిన వరద సుమారు 5 లక్షల క్యూసెక్కులు, 18 తలుపులూ కలిసి వదలగలది సుమారు 3 లక్షలు. ఆ తేడా ఒక్క గంట సాగితే 72 కోట్ల ఘనపుటడుగులు. జలాశయము మొత్తము పట్టేదే సుమారు 760 కోట్లు! 2023 జూలైలో కొన్ని తలుపులు లేవనే లేదు; నీరు వాటిపైనుండి పొర్లింది.

పదవ తరగతికి ఇంతకంటె మంచి అభ్యాసము దొరకదు. తలుపులన్నీ సమానమనుకొని, 18లో 4 లేవకపోతే మిగిలినవి ఎంత వదలగలవో, 5 లక్షల వరదలో గంటకు ఎంత నీరు నిలుస్తుందో పిల్లలచేత కట్టించవచ్చు.